రాధికాసాంత్వనంలో స్త్రీ కామన: కర్తృత్వం, సాక్ష్యం, విమర్శ కొలమానాలు

ముద్దుపళని రచించిన 'రాధికాసాంత్వనము'ను గురించి కందుకూరి వీరేశలింగం 'ఆంధ్ర కవుల చరిత్రము'లో చెప్పిన తీర్పులో రెండు భాగాలున్నాయి. ఆమె కవిత్వం మృదుమధురమైనదనీ, ఆమెకు ఆంధ్ర గీర్వాణ సాహిత్యాలలో మంచి పాండిత్యం ఉన్నదనీ మొదటి భాగం అంగీకరిస్తుంది. గ్రంథంలోని పెక్కు భాగాలు స్త్రీలు వినదగనివనీ, ఇక స్త్రీ నోట వెలువడదగినవి అసలే కావనీ, వేశ్యాకులంలో పుట్టినందువల్లనే కవయిత్రికి సిగ్గు లేకపోయిందనీ రెండవ భాగం చెబుతుంది. 1910లో ఈ కావ్యాన్ని పరిష్కరించి ప్రచురించిన బెంగళూరు నాగరత్నమ్మ తన పీఠికలో సూటిగా బదులిచ్చింది. సిగ్గు అనేది స్త్రీలకు మాత్రమే ఉండవలసినదా, పురుషులకు అక్కరలేదా అని అడిగింది. వీరేశలింగం స్వయంగా పరిశీలించి అచ్చుకు సమ్మతించిన 'వైజయంతీవిలాసము'లోని శృంగారం కంటె ఇందులోని శృంగారం ఏ విధంగా ఎక్కువదో చూపమన్నది.

తరువాతి శతాబ్దపు చర్చ అంతా దాదాపుగా ఈ సంవాదపు చట్రంలోనే నడిచింది. కావ్యం అశ్లీలమా, కాదా? పురుషకవులకు చెల్లినది కవయిత్రికి ఎందుకు చెల్లదు? ఈ ప్రశ్నలు న్యాయమైనవే. వాటికి నాగరత్నమ్మ ఇచ్చిన సమాధానం ఈనాటికీ చెక్కుచెదరలేదు. అయితే అవి రెండూ కావ్యంలోని శృంగారపు 'పరిమాణా'నికి సంబంధించినవి. స్త్రీ కామనను గురించి ఈ కావ్యం ఏమి చెబుతున్నది, అప్పటికి తెలుగు ప్రబంధం చెప్పని దేనిని చెబుతున్నది అన్న ప్రశ్న వాటి వెనుక మరుగునపడింది. వర్ణనల మోతాదు వీరేశలింగాన్ని అంతగా కలవరపెట్టి ఉండకపోవచ్చు. శృంగారంలో కర్త ఎవరు అన్న వ్యవస్థ ఇక్కడ తలకిందులైంది. ఆ తలకిందులు కావడానికి సాక్ష్యం చెబుతున్నది ఒక స్త్రీ. అభ్యంతరపు మూలం అక్కడ ఉన్నదన్నది ఈ వ్యాసపు ప్రతిపాదన.

స్త్రీ పురుషుల కామన స్వభావతః భిన్నమా అన్న ప్రశ్న భారతీయ శాస్త్రానికి కొత్తది కాదు. వాత్స్యాయన కామసూత్రం రెండవ అధికరణం మొదటి అధ్యాయంలో దీనిపై సుదీర్ఘమైన వాదం ఉంది. స్త్రీకి పురుషునికి కలిగే విధమైన తృప్తి కలగదనీ, పురుషుడు తృప్తి పొందగానే స్త్రీని అపేక్షించకుండా తనంత తాను విరమిస్తాడనీ, స్త్రీ అట్లా కాదనీ ఔద్దాలకి పక్షం. స్త్రీ సుఖం ఆది నుంచీ అవిచ్ఛిన్నంగా సాగుతుందనీ, పురుషునిది చివరనే కలుగుతుందనీ బాభ్రవ్యీయుల పక్షం. ఈ వాదం నడుమ మెరిసే ఒక మాటను మన విమర్శకులు అంతగా పట్టించుకోలేదు. ఒకరి సుఖం మరొకరికి అనుభవగోచరం కాదు. నీ సుఖం ఎటువంటిదని అడిగి తెలుసుకోవడమూ సాధ్యం కాదు అన్నది ఆ మాట. పండితులు ఇంత నిశితంగా తర్కించిన విషయంలో సాక్షిని విచారించే మార్గం లేదని శాస్త్రమే ఒప్పుకున్నది. ఒప్పుకున్నాక కూడా తీర్పు మాత్రం ఆపలేదు.

వాత్స్యాయనుని తీర్పు ఆసక్తికరమైనది. స్త్రీ పురుషులిద్దరిదీ ఒకే జాతి కనుక సుఖంలో భేదం లేదంటాడు. పోరాడే పొట్టేళ్లను, మల్లులను ఉపమానంగా తెస్తాడు. రెండు వైపులా కలిగేది ఒకటే. భేదం ఉపాయంలోనూ, అభిమానంలోనూ ఉంది. పురుషుడు కర్త, యువతి అధికరణం. 'నేను ఈమెను పొందుతున్నాను' అన్న భావంతో అతడు అనురక్తుడవుతాడు. 'నేను ఇతనిచేత పొందబడుతున్నాను' అన్న భావంతో ఆమె అనురక్తురాలవుతుంది. వ్యాకరణ పరిభాష ఇక్కడ కేవలం అలంకారం కాదు. సుఖంలో సమానత్వాన్ని అంగీకరించిన శాస్త్రం క్రియలో అసమానత్వాన్ని సృష్టి నియమంగా స్థాపించింది. కామన ఎంత అన్నది కాక, వాక్యంలో ఆమె ఏ కారకం అన్నది భేదానికి ప్రమాణమైంది.

కర్తృత్వం స్త్రీ వైపు మళ్ళిన సందర్భాలు శాస్త్రానికీ కావ్యానికీ తెలియనివి కావు. వాటికి పెట్టిన పేరును గమనించాలి: పురుషాయితము. స్త్రీ చొరవ తీసుకుంటే ఆమె పురుషుని వలె ప్రవర్తిస్తున్నదని అర్థం. ఆమె పనికి ఆమె పేరు లేదు. ఆలంకారికుల నాయికా భేదాలలోనూ ప్రగల్భ ఉన్నది, ఖండిత ఉన్నది, అభిసారిక ఉన్నది. కనుక రాధ చొరవను చూసి ముద్దుపళని అపూర్వమైన స్త్రీని సృష్టించిందని ఆవేశపడితే అది సరైన విమర్శ కాదు. ధైర్యం గల నాయికలు పురుషకవుల ప్రబంధాలలో కోకొల్లలు. ఆ ధైర్యాన్ని కావ్యం చివరకు ఏమి చేస్తున్నది అన్నదే పరిశీలించవలసిన అంశం.

పెద్దన వరూధిని ఇందుకు తగిన నిదర్శనం. తెలుగు కావ్యాలలో తన కోరికను ఇంత స్పష్టంగా, ఇంత తర్కబద్ధంగా వాదించిన నాయిక మరొకతె లేదంటే అతిశయోక్తి కాదు. ప్రవరుడు నిత్యకర్మలను, గృహధర్మాన్ని చెప్పి నిరాకరిస్తాడు. ఆ నిరాకరణ వద్ద కావ్యపు గౌరవం అంతా అతని వైపు మొగ్గుతుంది. అతడు అగ్నిని ప్రార్థించి ఇంటికి చేరుకుంటాడు. వరూధిని కామన తీరుతుంది గాని అది వంచన ద్వారా. లోగడ ఆమె తిరస్కరించిన గంధర్వుడు ప్రవరుని రూపంలో వచ్చి ఆమెను పొందుతాడు. ఆమె కోరుకున్న పురుషుడు దక్కడు. ఆమె వద్దనుకున్నవాడు ఆమెను దక్కించుకుంటాడు. కర్తగా మొదలైన వరూధినిని కథ నిశ్శబ్దంగా అధికరణ స్థానంలోకి తెచ్చి నిలబెడుతుంది. పెద్దన ఆమె విరహాన్ని సానుభూతితోనే వర్ణించాడు. అయినా మాయాప్రవరుని వృత్తాంతం ఆమె పట్ల జరిగిన అన్యాయమన్న స్పృహ తరగతి గదులలో చాలాకాలం కనిపించదు. స్వారోచిషమనువు వంశకథకు అవసరమైన మలుపుగానే అది బోధనలో నిలిచింది.

ఈ నేపథ్యంలో 'రాధికాసాంత్వనము' నిర్మాణం చూడాలి. తంజావూరు మరాఠా ప్రభువు ప్రతాపసింహుని కొలువులో, అంటే 1739-1763 నడుమ, ఈ నాలుగాశ్వాసాల కావ్యం పుట్టింది. శృంగార ప్రబంధం సాధారణంగా వివాహంతోనో నాయికానాయకుల సమాగమంతోనో ముగుస్తుంది. వసుచరిత్రలో గిరికావసురాజుల పెండ్లి అందుకు ఉదాహరణ. ముద్దుపళని పెండ్లిని కథ ముందుభాగంలోకి తెచ్చింది. కృష్ణునికి మేనత్త వరుస అయిన రాధ, తాను పెంచిన ఇళను అతనికి ఇచ్చి పెండ్లి చేస్తుంది. అతడు తన ప్రియుడు కూడా. నవవధువుకు ఎట్లా మెలగాలో చెబుతుంది. కృష్ణునికి ఎంత సున్నితంగా ఉండాలో చెబుతుంది. ఆ తరువాత తాను ఒంటరిగా మిగిలి, ఇచ్చినదానికి వగచి, దుఃఖించి, ఆగ్రహిస్తుంది. కావ్యంలో అధిక భాగం ఈ 'తరువాత'ను గురించినదే. పెండ్లితో ముగిసే ప్రబంధం వదిలివేసే మనస్తత్వమంతా ఇక్కడ వస్తువైంది.

రాధ ఈర్ష్యకు ఒక విశేషముంది. సవతి పట్ల ఈర్ష్య ప్రబంధాలలో అతి సామాన్యం. పారిజాతాపహరణంలో సత్యభామది ప్రతిష్ఠకు తగిలిన దెబ్బ. ఒక పువ్వు ఎవరికి దక్కింది అన్న వార్త విని ఆమె మండిపడుతుంది. రాధకు వార్త అక్కరలేదు. అక్కడ ఏమి జరుగుతున్నదో ఆమెకు ముందే తెలుసు, ఎందుకంటే ఆ మెలకువలు నేర్పినది తానే. ఆమె బాధకు మూలం ఊహ కాదు, జ్ఞానం. తాను అనుభవించి నేర్చినదాన్ని మరొకతెకు అప్పగించి, ఆ అప్పగింతలో తనకు విలువైనది చేజారుతున్నదని ఆమెకు తెలుస్తూనే ఉంటుంది. గురువు స్థానం, ప్రియురాలి స్థానం ఒకే మనసులో ఒరుసుకుంటున్నాయి. వయసు మీద పడుతున్న స్త్రీకి కామన సన్నగిల్లుతుందని, లేదా సన్నగిల్లాలని, లోకం అనుకునేదాన్ని ఈ కావ్యం నమ్మదు. రాధ ఇళకంటె పెద్దది కావడం ఆమె కోరికకు లోపమని కథ ఎక్కడా భావించదు. కాలక్రమంలో ఇంత ముందుగా ఈ మనస్తత్వ పరిశీలన తెలుగులో రావడం సాహిత్య చరిత్రలో తగిన చోటు పొందవలసిన విషయం. అశ్లీలత చర్చ దానికి ఆ చోటు మిగల్చలేదు.

కర్తృత్వపు తారుమారు సూటిగా కనిపించే ఘట్టం మరొకటి ఉంది. రాధ తన పట్ల ఎట్లా ప్రవర్తిస్తుందో కృష్ణుడు చెప్పుకునే చోటు అది. వద్దంటే దగ్గరకు తీసుకుంటుందని, వ్రతంలో ఉన్నాను తగదంటే ఒట్లు పెట్టి మరీ పిలుస్తుందని, ఆమె చొరవను ఒక్కొక్కటిగా అతడే లెక్కపెడతాడు. ఫిర్యాదులా మొదలైన ఆ మాట అటువంటి ఆమెను విడిచి ఎట్లా ఉండగలనన్న ఒప్పుకోలుతో ముగుస్తుంది. దీనిని మనుచరిత్ర పక్కన పెట్టి చదివితే అంతరం తేటపడుతుంది. అక్కడా పురుషుడు వ్రతాన్ని, నియమాన్ని అడ్డుచెప్పాడు; స్త్రీ అక్కడా పట్టుబట్టింది. మనుచరిత్రలో నియమం గెలిచి స్త్రీ మోసపోయింది. ఇక్కడ నియమాన్ని సాకుగా చెప్పినవాడే, ఆ సాకు నిలవనందుకు తాను సంతోషిస్తున్నానని చెబుతున్నాడు. వాత్స్యాయనుడు యువతికి కేటాయించిన అభిమానం, అనగా 'పొందబడుతున్నాను' అన్న సుఖం, ఈ ఘట్టంలో పురుషునిది. దానిని పలికినవాడు సాక్షాత్తు శృంగార నాయకులకు ఆదర్శమైన కృష్ణుడు. రాధ గొప్పలు చెప్పుకోలేదు. ఆమె కర్తృత్వానికి సాక్ష్యం చెప్పించడానికి కవయిత్రి పురుషుని బోనులో నిలబెట్టింది. ఇది చమత్కారం మాత్రమే కాదు, ఒక వాదన.

కావ్యనామం కూడా ఈ దిశనే సూచిస్తుంది. గ్రంథానికి ఇళాదేవీయమన్న మరో పేరున్నా, నిలిచినది 'సాంత్వనము'. నాయకుడు నాయికను గెలవడం ఇక్కడ ఫలం కాదు. నాయిక ఓదార్పు పొందడమే ఫలం. కృష్ణుని ప్రయత్నమంతా రాధ మనసు కుదుటపరచడం కోసమే. ఆమె శాంతిస్తే కావ్యం ముగుస్తుంది. స్త్రీ తృప్తిని కథాఫలంగా నిలిపిన ఈ ఏర్పాటును ముక్తపదగ్రస్తాల కంటె, యమకాల కంటె ముందుగా విమర్శ గుర్తించవలసి ఉండెను.

ఈ ప్రశంసతో ఆగిపోతే అది న్యాయమైన పఠనం కాదు. రాధ కర్త కాగలగడానికి కావ్యంలో మరొక స్త్రీ అధికరణంగా మిగలవలసి వచ్చింది. ఇళ పెరుగుతుంది, ఇవ్వబడుతుంది, ఉపదేశింపబడుతుంది. ఆమెకు ఏమి కావాలో ఎవరూ అడగరు. కవయిత్రి కూడా అడగలేదు. ఆమె పిన్నవయసును, ఆమెను ఇచ్చి చేసిన తీరును ఆ కాలపు ఆచారమని చెప్పి దాటవేయడం ఈనాటి పాఠకునికి తగదు. దేవదాసీ కుటుంబాలలో పెద్ద స్త్రీ పిన్నదానిని వృత్తిలోకి ప్రవేశపెట్టే సంప్రదాయం ఈ కథాకల్పన వెనుక నీడలా ఉన్నదని ఊహించడం అసంగతం కాదు. రాధ దుఃఖంలో ఇచ్చినదాని విలువ పట్ల పశ్చాత్తాపముంది, ఇవ్వబడినదాని మనసు పట్ల లేదు. స్త్రీవాద విమర్శ ముద్దుపళనిని పునఃప్రతిష్ఠించిన సందర్భంలో ఈ మౌనాన్ని తగినంతగా ప్రశ్నించలేదని చెప్పక తప్పదు. నిషేధానికి గురైన గ్రంథాన్ని కాపాడుకోవలసిన అవసరం అందుకు కారణమై ఉండవచ్చు.

రచయిత్రి స్త్రీ అయినంత మాత్రాన కావ్యంలోని కామన ఆమె స్వానుభవమని అనుకోవడం మరొక ప్రమాదం. క్షేత్రయ్య పదాలలో నాయిక పలుకులు ఎంత సహజంగా ఉన్నా వాటి కర్త పురుషుడు. స్త్రీ గొంతును పురుషుడు ధరించగలిగినప్పుడు, స్త్రీ కూడా ప్రబంధ నాయిక గొంతును కేవలం కవిసమయంగా ధరించగలదు. వర్ణనల వరుస, అష్టాదశ వర్ణనల మర్యాద, శుకుడు జనకునికి కథ చెబుతున్నట్లున్న చట్రం, ఇవన్నీ ముద్దుపళనికి వారసత్వంగా వచ్చినవే. తంజావూరు కొలువులో రంగాజమ్మ వంటి కవయిత్రులు ఆమెకు ముందే ఉన్నారు. అందుకే పై విశ్లేషణలో ఆధారంగా తీసుకున్నది కవయిత్రి జీవితం కాదు. కథ ఎక్కడ మొదలైంది, ఎవరు ఎవరిని గురించి మాట్లాడారు, దేనితో ముగిసింది అన్న నిర్మాణాంశాలే ఆధారాలు.

అయితే పలుకుతున్నది ఎవరు అన్న ప్రశ్న విమర్శకు ముఖ్యం కాకున్నా, వినేవారికి ముఖ్యమే. దీనికి ఆధునిక మనస్తత్వశాస్త్రం నుంచి ఒక పరిశీలనను తోడు తెచ్చుకోవచ్చు. స్త్రీ పురుషుల లైంగిక ప్రవర్తనలో భేదాలను కొలిచే అధ్యయనాలు చాలావరకు స్వయంకథనాల మీద, అంటే ప్రశ్నావళికి ఎవరికి వారు ఇచ్చిన జవాబుల మీద ఆధారపడ్డాయి. 2003లో మిషెల్ అలెగ్జాండర్, టెర్రీ ఫిషర్ అన్న ఇద్దరు పరిశోధకులు అమెరికాలో కళాశాల విద్యార్థులతో ఈ జవాబులనే పరీక్షించారు. తమ జవాబులు ఇతరుల కంట పడవచ్చునని భావించినవారిలో స్త్రీ పురుష భేదం ఎక్కువగా కనిపించింది. అబద్ధాన్ని పట్టే యంత్రానికి తమను కలిపారని నమ్మినవారిలో అది బాగా తగ్గిపోయింది. ఆ యంత్రం నిజానికి పనిచేసేది కాదు. తగ్గుదలకు ప్రధాన కారణం స్త్రీల జవాబులు మారడం. ఈ ఒక్క ప్రయోగంతో భేదాలన్నీ మాయమని తేల్చలేము. మరొక దేశపు విద్యార్థుల ఫలితాలను పద్దెనిమిదవ శతాబ్దపు తంజావూరుకు అన్వయించనూ లేము. తేలేది ఇంతే: కొలిచేవాడు కామనను కొలుస్తున్నాననుకుంటున్నప్పుడు, కొంతవరకు అతడు కొలుస్తున్నది చెప్పడానికి ఉన్న అనుమతిని. నీ సుఖం ఎటువంటిదని అడిగి తెలుసుకోలేమన్న కామసూత్రపు వాదికి ఇది ఆలస్యంగా వచ్చిన వ్యాఖ్యానం వంటిది. అడగవచ్చు, కాని జవాబు అడిగే చోటును బట్టి మారుతుంది.

వీరేశలింగం తీర్పును ఈ వెలుగులో మళ్ళీ చదివితే దానిలోని విరోధం బయటపడుతుంది. శృంగారాతిశయాన్ని పురుషకవుల విషయంలోనూ ఆయన ఆక్షేపించకపోలేదు. ఆ న్యాయం ఆయనకు చేయాలి. అయితే పురుషకవి విషయంలో దోషం కావ్యానిది. ముద్దుపళని విషయంలో దోషం ఆమె పుట్టుకది, ఆమె నోటిది. స్త్రీకి సహజంగా సిగ్గు ఉంటుందన్నది ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికి విరుద్ధమైన సాక్ష్యం ఎదురైనప్పుడు ఆయన సిద్ధాంతాన్ని సవరించలేదు. ఈ సాక్షి కులస్త్రీ కాదు కనుక సాక్ష్యం చెల్లదన్నాడు. వితంతువుల పక్షాన నిలిచి వారి జీవితాలను మార్చిన సంస్కర్త స్త్రీలకు కామన ఉంటుందని ఎరుగనివాడు కాడు. వితంతు పునర్వివాహ వాదంలోనే ఆ ఎరుక ఇమిడి ఉన్నది. దాన్ని వివాహపు ఒడ్డున కట్టివేయడమే ఆయన సంస్కరణ. ఆ ఒడ్డుకు బయట, పైగా హాస్యంతో, అధికారంతో పలికిన స్త్రీ గొంతుకు ఆయన పథకంలో స్థానం లేదు.

ఈ కొలమానం ముద్దుపళనితో ఆగలేదు. 1927 నాటి 'మైదానం'లో చలం రాజేశ్వరి చేత ఉత్తమపురుషలో కామనను చెప్పించాడు. దుమారం చెలరేగింది, కాని వివాదం చలం చుట్టూ నడిచింది, రచయిత పుట్టుక మీద కాదు, అతని భావాల మీద. ఎనభైలలో స్త్రీవాద కవయిత్రులు దేహాన్ని గురించి రాసినప్పుడు మాత్రం 'నీలి కవిత్వం' అన్న నింద మళ్ళీ వ్యక్తుల మీదికి వచ్చింది. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వెలువడిన సంకలనానికి 'నీలిమేఘాలు' అన్న పేరులో ఆ నిందకు జవాబు వినిపిస్తుంది. రాజేశ్వరి రాధకంటె ఎక్కువ బరితెగించిందా తక్కువ బరితెగించిందా అన్న తూకం ఇక్కడ పనికిరాదు. రెండు చోట్లా లెక్కలోకి వచ్చినది రాసిన చేయి ఎవరిదన్న సంగతే.

గ్రంథ చరిత్రలోని ఒక వివరం ఈ సందర్భంలో తిరిగి పరిశీలించదగినది. నాగరత్నమ్మకు ముందు, 1887లో, పైడిపాటి వెంకటనరసు ఈ కావ్యాన్ని అచ్చువేయించాడు. కావ్యం ప్రజల చేతికి అందడానికి ఆయన చేసిన సేవ చిన్నది కాదు. కాని ఆ ముద్రణలో శృంగార పద్యాలు కొన్ని లేకపోవడమే కాదు, కవయిత్రి తన వంశాన్ని చెప్పుకున్న అవతారిక కూడా లేదు. తంజనాయకిని, తమ ఇంటి స్త్రీల విద్వత్తును ఆమె స్మరించిన భాగం అది. పండితులను తాను సత్కరించినట్లు, తనకు కావ్యాలు అంకితమైనట్లు, తన వంటి స్త్రీ మరొకతె ఎవరని ఆమె అడిగినదీ అక్కడే. ఆ పద్యాలలో శృంగారం లేదు. అశ్లీలమే కారణమైతే తొలగించవలసిన పని లేని పద్యాలవి. వ్రాతప్రతిని సంపాదించి నాగరత్నమ్మ వాటిని తిరిగి చేర్చింది. కొద్దికాలానికే ప్రభుత్వం ఆమె ప్రచురణను నిషేధించింది. టంగుటూరి ప్రకాశం చొరవతో నిషేధం తొలగాక, 1952లో వావిళ్లవారు గ్రంథాన్ని మళ్ళీ అచ్చువేసినప్పుడు అవతారిక దాని స్థానంలోనే ఉంది. నాగరత్నమ్మ మరణించినదీ ఆ యేడే.